నిజం పువ్వులు

అత్త పోయాక నేను నాలుగింటికి లేవడం మానేశాను. అంతకు ముందు పదకొండేళ్లు, వానైనా జ్వరమైనా, కోడి కంటే ముందు నేనే లేచేదాన్ని. తల మీద రెండు చెంబులు పోసుకుని, పసుపునీళ్లు పట్టుకుని, మా బావ మంచం దగ్గర్నుంచి దేవుడి గది దాకా నేలంతా చల్లుకుంటూ వెళ్లేదాన్ని. ఆయన పాదం శుద్ధమైన నేల మీదే పడాలట. చల్లే మనిషి పాదాల గురించి ఎక్కడా రాయలేదు. తరవాత వత్తి చేసి, ప్రమిదలో నూనె పోసి, అగ్గిపెట్టె పక్కన పెట్టి, తలుపు ఓరగా వేసి వచ్చేదాన్ని. ఆయన వచ్చి పుల్ల గీసేవాడు. రోజూ తెల్లారకుండా ధనరాజు దీపం పెడతాడని ఊరంతా చెప్పుకునేవారు.

ఇప్పుడు ఎండ మొహం మీద పడ్డాక లేస్తున్నాను. ఎవరూ ఏమీ అనడం లేదు. నేల పొడిగానే ఉంటోంది. బావ పాదాలకి కూడా ఏమీ కాలేదు, మామూలుగానే నడుస్తున్నాయి.

మా బావ ధనరాజు గురించే రాద్దామని కూర్చున్నాను. భావనపాడులో ఆయన్ని ఎరగనివాళ్లు లేరు. ఒడ్డుకి దిగిన చేపలు కొని, ఐసు పెట్టెల్లో సర్ది, వ్యానెక్కించి టెక్కలి మీదుగా పంపిస్తాడు. మా ఆయన ఎర్రన్న ఆయనకి తమ్ముడు. ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్‌లో, వెరావల్ బోట్ల మీద ఉంటాడు. అందుకని నేను పెళ్లయిన దగ్గర్నుంచీ బావ ఇంట్లోనే ఉంటున్నాను. బావ భార్య కుసుమకుమారి అక్కకి మోకాళ్ల నొప్పులు. అవి వంటప్పుడు వస్తాయి, భజనప్పుడు పోతాయి. ఇక మిగిలింది మా అత్త గున్నమ్మ. మామ పోయినప్పటి నుంచి, అంటే ముప్పై ఏళ్లకి పైగా, చేపల గంప నెత్తిన పెట్టుకుని నౌపడా దాకా నడిచి అమ్మి, ఇద్దరు కొడుకులనీ పెంచింది.

పదకొండేళ్ల కిందట బావ విజయనగరంలో ఏదో ఏడు రోజుల శిబిరానికి వెళ్లాడు. వెళ్లినవాడు మామూలు మనిషి. కవళ్ల చేపల పులుసుతో చద్దన్నం తిని, తేన్చి, వెళ్లాడు. వచ్చేటప్పటికి మెళ్లో తులసిమాల, చేతిలో ఒక కాగితం. ఆ కాగితం పట్టుకెళ్లి టెక్కలిలో ఫ్లెక్సీ వేయించాడు. తలుపంత ఫ్లెక్సీ, హాల్లో గోడకి కట్టాడు. పైన 'నిత్యజీవితంలో ఆధ్యాత్మికత - పన్నెండు సూత్రాలు' అని ఎర్రక్షరాలు. ఒక మూల దేవుడు, ఇంకో మూల బావ దండం పెడుతూ. ఫొటో వేసినవాడికి కొలత తప్పిందో, బావే అలా వేయమన్నాడో, దేవుడి కంటే బావ పెద్దగా ఉన్నాడు.

అత్తకి చదువు రాదు. నేను అయిదో తరగతి దాకా వెళ్లాను.

"సదవే గుంటా, నా కొడుకు ఏటి రాయించీసినాడో ఇందాం" అంది.

బ్రాహ్మీ ముహూర్తంలో నిద్ర లేవాలి అని చదివాను.

"నానూ లేసినాను కదే ఇన్నేళ్లూ. ఒడ్డుకి ఎల్లకపోతే సేప నాకోసం ఆగతాదేటి? దానికింత బొమ్మెందుకు?"

మితంగా మాట్లాడాలి.

"ఇది ముందల ఆడి ఫోనుకి సదివి ఇనిపించు."

సకల ప్రాణుల పట్ల దయ కలిగి ఉండాలి.

అత్తకి నవ్వాగలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది. "ఐసు పెట్టిలో ఎట్టినాక సూపిస్తాడేటే దయ?"

తల్లిదండ్రులను దైవంగా చూడాలి.

దీనికి మాత్రం కొంగు నోట్లోంచి తీసింది. ఫ్లెక్సీ వైపు చూసి, "అంటే ఏటే గురమ్మా? కొబ్బరికాయ కొట్టీసి తలుపేసీస్తాడేటి నాకు?" అంది.

ఆ రోజు ఇద్దరం పెరట్లోకి పోయి మరీ నవ్వుకున్నాం.

సూత్రాలన్నీ బావవి, పనులన్నీ నావి. ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా ఆయనకి మౌనం. నోరు ఊరుకుంటుంది, చేతులు ఊరుకోవు. ఒక చప్పట కొడితే టీ. రెండు కొడితే తువ్వాలు. మూడు కొడితే కుసుమకుమారి అక్కని పిలవమని. మధ్యలో ఫోనొస్తే నేను ఎత్తి, ఆయన చూపించిన వేళ్లు లెక్కపెట్టి, అవతలవాడికి ధర చెప్పాలి. ఒకసారి దోమ కుట్టి అరచేత్తో కొట్టుకున్నాడు. నేను టీ పట్టుకెళ్లాను. తాగాడు.

'నేను' అనే మాట అహంకారం, వాడకూడదు అని ఇంకొకటుంది. అందుకని తనని తాను "ఈ శరీరం" అంటాడు. ఈ శరీరానికి ఆకలేస్తంది. ఈ శరీరం రేపు పలాస ఎల్తాది. ఈ శరీరానికి చారులో ఉప్పు సరిపోనేదు.

"ఆ శరీరాన్ని కన్నది నానే" అనేది అత్త. "అదెప్పుడూ అంతే. ఉప్పు సాలదు దానికి."

అన్నిట్లోకీ పెద్దది నీసు సూత్రం. చేపగానీ మాంసంగానీ ఇంట్లోకి రాకూడదు, నోటితో పేరు కూడా ఎత్తకూడదు. పేరెత్తకుండా చేపల వ్యాపారం ఎలా? బావ దానికీ దారి కనిపెట్టాడు. రొయ్యలని పువ్వులన్నాడు. చందువాలని పత్రి అన్నాడు. కవళ్లు అక్షింతలు, వంజరం అరటిగెల. స్నానం చేసి, విభూతి పెట్టుకుని, వీధరుగు మీద కూర్చుని, "పువ్వులు ఎనభై కేజీలు ఎక్కించు, పత్రి మెత్తబడిపోనాది, ఎనక్కి పంపీ" అని అరుస్తుంటే, దారిన పోయేవాళ్లు ఎంత పూజ చేస్తున్నాడో అనుకోవాలి. ఒడ్డున ఉన్నవాళ్లకి మాత్రం నవ్వులే నవ్వులు. పడవ దిగి వలలు దులుపుకుంటూ, "గురమ్మా, మీ బావకి సెప్పు, ఇయ్యాల గంగమ్మ తల్లి అక్షింతలే ఏసినాది" అనేవారు.

ఒకసారి శ్రావణమాసంలో ఇంటి ముందు షామియానా వేసి భజన పెట్టాడు. వ్యాను తోలే వినోద్‌కి ఫోను చేసి, "సాయంత్రానికి ఇంటికి పది కేజీల పువ్వులు పట్రా, మంచివి" అన్నాడు. ఆయన ఉద్దేశం బంతిపూలు. వినోద్ పదేళ్లుగా ఆయన దగ్గర పనిచేస్తున్న మనిషి. మంచివి ఏరి, ఐసులో పెట్టి, హారతి వేళకి తీసుకొచ్చి, అందరి మధ్యా పెట్టి మూత తీశాడు. తాళాలు ఆగిపోయాయి. ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్లు కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. అడ్డం పెట్టుకున్న కొంగులు ఊగుతున్నాయి నవ్వుకి.

"పువ్వులన్నారు కదా బాబూ" అన్నాడు వినోద్.

ఆ రోజు నుంచి ఇంట్లో కొత్త మాట పుట్టింది. బంతి, చామంతి, కనకాంబరం కావాలంటే "నిజం పువ్వులు" అనాలి. ఉత్త "పువ్వులు" అంటే రొయ్యలే. దేవుడికి నిజం పువ్వులు తేవే అని కుసుమకుమారి అక్క కేకేసేది. అబద్ధం పువ్వులతో బతికే ఇంట్లో అలా అనక తప్పదు.

అత్త మాత్రం ఈ పదకొండేళ్లూ తినకుండా లేదు. కాళ్లలో సత్తువ ఉన్నంతకాలం మధ్యాహ్నం పూట ఒడ్డుకి పోయి, వలల పాక దగ్గర ఎవరి పొయ్యి వెలుగుతుంటే వాళ్ల దగ్గర కూర్చుని, ఒక ముద్ద తిని, ఇసకతో చేతులు తోముకుని వచ్చేది. నాకూ కొంగులో రెండు ఎండు నెత్తళ్లు కట్టుకుని తెచ్చేది. మూడేళ్ల కిందట ఒకసారి అవి నా ట్రంకుపెట్టెలో దొరికాయి. బావ నన్ను ఒక్క మాట అనలేదు. మితభాషణం కదా. రెండు రోజులు అన్నం మానేశాడు. ఈ ఇంట్లో జరిగిన పాపానికి ఈ శరీరం శిక్ష పడతాదన్నాడు. చుట్టాలొచ్చి ఆయన్ని బతిమాలారు. వెరావల్‌కి ఫోన్లు వెళ్లాయి. చివరికి నేను అందరి ముందూ ఆయన కాళ్లు పట్టుకుంటే అప్పుడు పాలు తాగాడు. తిట్టి ఊరుకునేవాడైతే నాకు అంత భయం ఉండేది కాదు.

మొన్న దసరాల్లో అత్త మంచం పట్టింది. కడుపులో కాయ అన్నారు. టెక్కలి డాక్టరు కాగితాలు చూసి మూసేసి, బావతోనే చెప్పాడు, "ఇంక మందుల్లేవు. ఆవిడ ఏది తింటానంటే అది పెట్టండి" అని. నేను పక్కనే ఉన్నాను. విన్నాను.

అత్త ఇంటికొచ్చాక అడిగింది ఒకటే. "ధనరాజూ, నాకు రొయ్యలిగురు తినాలనుందిరా. ఉప్పగా, కారంగా. నాలుగు ముద్దలు."

"కార్తీకం ఎల్లనీ అమ్మా."

"కార్తీకం నాకు సెప్పి ఎల్తాదేటిరా?"

"పదకొండేళ్ల నిష్ఠ అమ్మా ఈ ఇంటిది. నీ పున్నెం కోసమే సెప్తన్నాను. ఈ టైములో మనసు దేవుడి మీద ఉండాల."

"మనసు దేవుడి మీదే ఉన్నాదిరా. నోరే రొయ్యల మీదున్నాది."

బావ నవ్వలేదు. సగ్గుబియ్యం జావ పట్టించి, పక్కన కూర్చుని ఒక అధ్యాయం చదివి వెళ్లిపోయాడు. కార్తీకం వెళ్లింది. మార్గశిరం వచ్చింది, లక్ష్మివారాల పూజలు మొదలయ్యాయి, ఆ నాలుగు వారాలూ ఆగమన్నాడు. అత్త ముద్ద మింగడం పోయి చుక్క మింగడం దాకా వచ్చింది. పక్కింటి అనిత నన్ను గోడ దగ్గరకి పిలిచి, "నాను వండి చిన్న గిన్నెలో ఇస్తాను అక్కా, చెంగు కింద పట్టుకుపో" అంది. వాసన వస్తుందని నేనే వద్దన్నాను. ఆ మాట అనిత మరిచిపోయి ఉంటుంది. నేను మరిచిపోలేను.

ఒక మధ్యాహ్నం బావ అత్త మంచం పక్కనే కుర్చీలో కూర్చుని జపమాల తిప్పుతున్నాడు. మధ్యలో ఫోనొచ్చింది. "ఆఁ, పువ్వులు దిగినాయా? ఎలాగున్నాయి? పెద్దవేనా?" అంటున్నాడు. అత్త కళ్లు తెరిచింది. ఆయన వంక చూసి, నా వంక చూసింది.

"ఒసే గురమ్మా" అంది. గొంతు పీలగా ఉంది. "నాకూ పువ్వులు తేయే. నాలుగే."

నిజం పువ్వులు అనలేదు. పువ్వులు అంది. మామ పోయాక ముప్పై ఏళ్లు తలలో పువ్వు పెట్టని మనిషి. ఏమడుగుతోందో నాకు తెలుసు. బావకీ తెలుసు. ఆయన మాల తిప్పడం ఆపి, నా మొహంలోకి చూస్తూ, మెత్తగా అన్నాడు, "అమ్మకి నిజం పువ్వులు తెచ్చి ఇయ్యమ్మా. పాపం ముచ్చట పడతంది."

నేను పెరట్లోకి వెళ్లాను. కనకాంబరాలు నాలుగు కోశాను. ఆ గోడకి అవతలే అనిత పొయ్యి ఉంది. తెచ్చి అత్త దిండు మీద పెట్టాను. అంత పని చేసినదాన్ని నేను. ఈ కాగితం మీద బావని ఎన్ని మాటలంటున్నానో, వాటిల్లో సగం నాకూ వర్తిస్తాయి.

అత్త ఒక పువ్వు తీసి వేళ్లతో తడిమింది. తరవాత నోట్లో పెట్టుకుంది. నన్నే చూస్తూ నమిలింది. నమిలి, మింగలేక, నా చేతిలోనే ఉమ్మేసింది.

"నిజం పువ్వులేనే గుంటా ఇవి" అని గోడ వైపు తిరిగింది. మళ్లీ నన్నేమీ అడగలేదు.

నాలుగో రోజు, లక్ష్మివారం పొద్దున్న పోయింది.

బావ అందరికీ ఫోన్లు చేశాడు. "లక్ష్మివారం ఎల్లినాది అమ్మ. పదకొండేళ్లు నీసు ముట్టకుండా, జపం ఇంటూ ఎల్లినాది. ఎంతమందికి దొరుకుతాదండి ఆ చావు?" నేను అత్తకి స్నానం చేయిస్తుంటే కిటికీలోంచి ఈ మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. కొంతమందికి రెండుసార్లు చెప్పాడు. మొదటిసారి చెప్పింది మరిచిపోయి కాదు.

మా ఆయన బోటు సముద్రంలో ఉంది. ఒడ్డుకొచ్చాకే కబురు తెలిసింది. తొమ్మిదో రోజుకి ఇల్లు చేరాడు. వాకిట్లోనే సంచి పడేసి, "సివర్న ఏటి తిన్నాది అమ్మ?" అని అడిగాడు. చనిపోయిన మనిషి గురించి మొదట అడిగే మాట మాలో ఇదే. ఎక్కువమంది అబద్ధం చెబుతారు, బాగానే తిందంటారు. నాకు అబద్ధం రాలేదు, నిజమూ రాలేదు. కాళ్లు కడుక్కోమని నీళ్లిచ్చాను.

పదకొండో రోజు పెద్దదినం. ఆ రోజు పోయినవాళ్లకి ఏది ఇష్టమో అది ఇంటి కోడలి చేత్తో వండి ఆకులో పెట్టాలి. పెట్టకపోతే పోయినవాళ్లు గడప దాటరని మా వాళ్ల నమ్మకం. కులపెద్ద జగన్నాధం వచ్చి, పందిట్లో అందరూ వింటుండగానే అన్నాడు, "ఒరే ధనరాజూ, గున్నమ్మకి ఏటిష్టమో ఊరందరికీ తెలుసు. పప్పూ పాయసం పెడతానంటే ఒప్పుకోను. ఆకులో అదే పడాల."

బావ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మా అమ్మకి పువ్వులంటే పేనం కదా తాతా. ఈ శరీరానికి తెలీదేటి?" అన్నాడు. కార్తీకం అడ్డురాలేదు, మార్గశిరం అడ్డురాలేదు, పన్నెండు సూత్రాల్లో ఒక్కటీ అడ్డురాలేదు. ఊరు చూస్తున్నప్పుడు దేనికీ అడ్డుండదు. గంటలో మూడు కేజీలు తెప్పించాడు. చెయ్యంత రొయ్యలు. బతికున్న నోటికి అలాంటివి ఒక్కటి కూడా ఇంటికి తేలేదు. పెద్ద సిల్వరు గిన్నెలో, ఐసు మీద, పెరట్లో కొబ్బరిచెట్టు కింద పెట్టించి, తాను గుమ్మం లోపలే నిలబడి నన్ను పిలిచాడు.

"గురమ్మా, పువ్వులు తెప్పించినాను. అమ్మకి ఎలాగిష్టమో నీకే తెలుసు. పెరట్లోనే పొయ్యెట్టు, పొగ లోపలికి రానీకు. ఈ శరీరం అటు రాదు."

నేను గిన్నె పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. ఒక రొయ్య చేతిలోకి తీసుకున్నాను. మీసాలు నా మణికట్టు దాకా వచ్చాయి.

"బావా, వీటినేటంటారు?"

"ఏటి?"

"ఈ గిన్నెలో ఉన్నవి. పేరు సెప్పండి. వండుతాను."

పదకొండేళ్లలో ఆయన్ని నేను ఎదురడిగింది అదే మొదలు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. బావ పందిరి వైపు చూశాడు. అక్కడివాళ్లంతా ఇటు తిరిగారు.

"పువ్వులమ్మా" అన్నాడు, నవ్వుతూ.

"పువ్వులు నాను ఇచ్చీసినాను కదా. నాలుగు. మీరు సెప్పినవే. ఇవేటి?"

ఆయన అనాల్సింది ఒక్క మాట. మూడక్షరాలు. ముప్పై ఏళ్లు ఆ మూడక్షరాలనీ వీధుల్లో కేకేసి అమ్మి, వాళ్లమ్మ ఆయన్ని పెంచింది. ఆ మాట అనలేక, బావ రెండు చేతులూ జోడించి, కళ్లు మూసుకుని, మౌనంలోకి వెళ్లిపోయాడు. వెళ్లి, కళ్లు మూసుకునే, వేలితో పొయ్యి చూపించాడు.

కుసుమకుమారి అక్క వచ్చి నా భుజం గిల్లింది. "వండీయే తల్లీ. అందరూ సూస్తన్నారు. నాకు నిష్ఠ, మోకాళ్లొకటి. నువ్వు కాకపోతే ఎవులు వండుతారు?"

"ఎవులూ వండరు."

మా ఆయన వచ్చాడు, గుండు మీద తువ్వాలు వేసుకుని. "వండవేటి గురమ్మా?" అన్నాడు. కోపంగా కాదు. ఏమీ తెలియక.

నేను చెప్పాను. అందరూ వింటుండగానే చెప్పాను. డాక్టరు మాట, కార్తీకం, లక్ష్మివారాలు, అనిత గిన్నె, నేను కోసిన నాలుగు కనకాంబరాలు, ఆవిడ నమలడం. ఏదీ కలపలేదు, ఏదీ దాచలేదు. పందిట్లో ఎవరో ముక్కు చీదారు. జగన్నాధం తాత చుట్ట పక్కన పెట్టేశాడు. మా ఆయన నా పక్కనే నేల మీద కూలబడ్డాడు. కూర్చుని, తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. వండమని మళ్లీ అనలేదు.

"ఆకులో పెట్టకపోతే గున్నమ్మ గడప దాటదే" అంది ఒక ముసలమ్మ, నెమ్మదిగా.

అదీ ఆలోచించాను. దాటకపోతే ఇక్కడే ఉంటుంది. ఆ హాల్లో, ఆ ఫ్లెక్సీ ఎదురుగా, కొడుకు దండం పెడుతున్న బొమ్మని చూస్తూ కూర్చుంటుంది. నాలుగింటికి ఆయన లేచేసరికి ఎదురుగా ఉంటుంది. ఆయన జపం చేసుకుంటుంటే నవ్వుతుంది. ఉండనీ. నాకు తోడుగా ఉంటుంది.

ఎండ ఎక్కింది. ఐసు కరిగి, గిన్నెలో నీళ్లు ఎర్రబారాయి. బావ మౌనంలోంచే ఒక చప్పట కొట్టాడు, తరవాత రెండు, తరవాత మూడు. కత్తిపీట నా కాళ్ల దగ్గరే ఉంది. ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు చేటలో ఉన్నాయి. ఒక్క రొయ్య కూడా వలవలేదు. పొయ్యి అంటించలేదు.